గరుకు సబ్బు: ఇంట తయారీ, ఒంట వాడకం

గత సంవత్సరం రంజాన్ పండుగ గడచిన పది రోజులకు నా చెల్లెలు తన పెద్ద కుమార్తెను వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చింది. చాయ్ తాగడం పూర్తికాక మునుపే వచ్చిన పని చెప్పింది. "భాయిజాన్, మీరూ భాభీ ఇంట్లోనే సబ్బులు చేస్తారు గదా. మన పిల్లకు కాస్త గరుకుగా ఉండేది ఒకటి చేసిపెట్టండి. బజారువి వాడి చూసింది, ఫలితం లేదు. నాలుగు నెలల్లో నికాహ్. అబ్బాయి తరఫు వాళ్ళు వచ్చినప్పుడు ఎవరో ఒక మాట అన్నారు..." ఆ మాట ఏమిటో ఆమె చెప్పలేదు. చెప్పవలసిన అవసరమూ లేదు. పందొమ్మిదేళ్ళ పిల్ల తల వంచుకొని దుపట్టా అంచును మెడ చుట్టూ లాక్కుంది.

మా ఇంటావిడ ఆమెను లోపలికి తీసుకువెళ్ళి చూసి వచ్చి నాతో చెప్పింది. మెడ వెనుక, కంఠపు ఎముకల మీద, వీపు పైభాగాన చర్మం అలలు అలలుగా నల్లబడి ఉందట. మూడు నెలలుగా ఆ పిల్ల రోజూ రెండు పూటలా గరుకు రేణువులున్న సబ్బుతోనూ, నైలాను పీచుతోనూ రుద్దుకుంటున్నది. నలుపు వదలాలని రుద్దింది. రుద్దినచోటే నలుపు ముదిరింది. ముదిరినకొద్దీ ఇంకా గట్టిగా రుద్దింది.

మదరసాలో పాఠాలు చెప్పుకునే మనిషి సబ్బుల గురించి వ్రాయడమేమిటని పాఠకులకు అనిపించవచ్చు. ఆరేళ్ళ క్రితం మా ఇంటావిడ ఈ పని మొదలుపెట్టింది. తూకాలు వేయడం, గరిటె తిప్పడం నా వంతు. మా మదరసాకు ఎదురుగా ఉన్న పాఠశాలలో రసాయన శాస్త్రం బోధించే ఒక మిత్రుడు మా ఇద్దరికీ గురువు. ఆయన మొదటి రోజే ఒక మాట అన్నారు: "మౌలానా, ఇది వంట కాదు. వంటలో ఉప్పు ఎక్కువైతే అన్నం పాడవుతుంది. ఇందులో క్షారం ఎక్కువైతే ఒళ్ళు పాడవుతుంది." అందుచేత ముందుగా సబ్బు ఎలా తయారవుతుందో చెప్పి, పిదప ఆ పిల్ల సంగతికి వస్తాను.

సబ్బు అంటే నూనె, క్షారం కలిసి వేరొక పదార్థంగా మారినది. నూనె నీటితో కలవదు. సబ్బు అణువులో ఒక కొస నూనెను పట్టుకుంటుంది, రెండవ కొస నీటిని పట్టుకుంటుంది. అందువల్లనే జిడ్డు నీటితోపాటు కొట్టుకుపోతుంది. పూర్వం ఈ క్షారాన్ని ఉప్పు నేలల్లో పెరిగే మొక్కలను కాల్చిన బూడిద నుంచి తీసేవారు. ఆ బూడిదకు అరబీలో అల్-ఖిలీ అని పేరు. ఆంగ్లంలోని ఆల్కలీ అనే మాట దానినుంచి వచ్చినదే. పాలస్తీనాలోని నాబులుస్ పట్టణంలో ఆలివ్ నూనెను, ఆ బూడిదను, సున్నాన్ని కలిపి తరతరాలుగా సబ్బు వండుతూ వచ్చారు. ఇప్పుడు బూడిద స్థానంలో కాస్టిక్ సోడా వాడుతున్నారు గాని, మిగతా పద్ధతి దాదాపు అదే. ఉడికిన ముద్దను విశాలమైన గచ్చు మీద పోసి, గట్టిపడ్డాక బిళ్ళలుగా కోసి, ముద్ర వేసి, గాలి ఆడేటట్లు ఎత్తయిన గోపురాలుగా పేర్చి ఆరబెడతారు. సిరియాలోని హలబ్ నగరంలో ఆలివ్ నూనెకు లారెల్ గింజల నూనె కూడా కలుపుతారు. అక్కడ సబ్బు ఆరు నుంచి తొమ్మిది నెలల వరకు ఆరుతుంది. పైభాగం బంగారు రంగుకు తిరిగినా, కోసి చూస్తే లోపల ఆకుపచ్చగా ఉంటుంది. ఈ రెండు పట్టణాల సబ్బు తయారీనీ 2024లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ రెండు చోట్లా తొందర అన్నది కనబడదు. మన ఇంటి సబ్బుకు తొమ్మిది నెలలు అక్కరలేదు, అయిదు వారాలు చాలు. కాని ఆ అయిదు వారాలూ ఆగక తప్పదు.

ఇక మా ఇంటి లెక్క. కొబ్బరినూనె 250 గ్రాములు, తవుడు నూనె 200 గ్రాములు, ఆముదం 50 గ్రాములు. మొత్తం అర కిలో. కాస్టిక్ సోడా 72 గ్రాములు, నీరు 160 గ్రాములు. కొబ్బరినూనె వల్ల సబ్బు గట్టిగా ఉండి బాగా నురగ వస్తుంది, కాని అది ఒక్కటే అయితే చర్మం పొడిబారుతుంది. తవుడు నూనె ఆ గుణాన్ని మెత్తబరుస్తుంది. ఆముదం నురగను నిలబెడుతుంది. అన్నీ కాటా మీద తూచవలసినవే. గ్లాసులతో, చెంచాలతో కొలిస్తే ఈ పని చేయవద్దు. ఒక్కొక్క నూనెకు పట్టే క్షారం ఒక్కొక్క విధంగా ఉంటుంది. నూరు గ్రాముల కొబ్బరినూనెకు సుమారు 18 గ్రాములు పడితే, అంతే తవుడు నూనెకు సుమారు 13 గ్రాములే పడుతుంది. ఇంట్లో కొబ్బరినూనె తక్కువగా ఉందని దాని బదులు తవుడు నూనె పోసి, సోడా మాత్రం 72 గ్రాములే వేస్తే, మిగిలిపోయిన క్షారం ఒంటిని కాలుస్తుంది. పై నూనెలకు నిజానికి 78 గ్రాముల దాకా పడుతుంది. నూటికి ఏడు పాళ్ళు తగ్గించి వేస్తాము గనుక కొద్దిపాటి నూనె సబ్బుగా మారకుండా మిగిలి, చర్మానికి చమురు అందిస్తుంది.

కాస్టిక్ సోడాను గురించి భయపెట్టడానికే వ్రాస్తున్నాను. మేము మొదటిసారి చేసినప్పుడు చేతికి అందిన అల్యూమినియం గిన్నెలో సోడా నీళ్ళు కలిపాము. క్షణాల్లో అది బుసబుస పొంగి, గిన్నె నల్లబడి, ఘాటైన ఆవిరి వంటింటి నిండా కమ్ముకుంది. అల్యూమినియంతో క్షారం కలిస్తే హైడ్రోజన్ వాయువు పుడుతుందని, అది మండే వాయువని మిత్రుడు తరువాత చెప్పారు. పక్కనే పొయ్యి వెలుగుతూ ఉంటే ఏమయ్యేదో! ఆనాటి నుంచి స్టీలు గిన్నె తప్ప వాడలేదు. ఆ గిన్నెను, గరిటెను మళ్ళీ వంటకు ముట్టుకోము.

నీటిలో సోడాను కొద్దికొద్దిగా వేయాలి. సోడా మీద నీరు పోయరాదు, పోస్తే ఎగిసి చిమ్ముతుంది. కలిపిన వెంటనే నీరు పొయ్యి మీద పెట్టినంతగా వేడెక్కుతుంది. కిటికీలు తెరిచి ఉంచాలి. కళ్ళకు అద్దాలు, చేతులకు రబ్బరు తొడుగులు, మోచేతులు కప్పే దుస్తులు ఉండాలి. ఒంటి మీద పడితే ధారగా పడే నీటితో పావుగంటకు తగ్గకుండా కడగాలి. నిమ్మరసమో వెనిగరో పోయకూడదు. కంట్లో పడితే కడుగుతూనే ఆసుపత్రికి బయలుదేరాలి. చంటిపిల్లలు ఉన్న ఇంట ఈ సోడా డబ్బాకు తాళం లేకపోతే, సబ్బు తయారీ మాట మరచిపోవడమే మేలు. అది గొంతులోకి పోతే అన్నవాహికను కాలుస్తుంది. ఆ ఇళ్ళవారికి మరో దారి ఉంది. సిద్ధంగా దొరికే గ్లిసరిన్ సబ్బు దిమ్మను కొని, ముక్కలు కోసి, వేడినీటి గిన్నెలో మరొక గిన్నె పెట్టి కరిగించి, పొడి కలిపి అచ్చులో పోసుకోవచ్చు. కాస్త చిక్కబడేదాకా కలుపుతూ ఉండి పోయాలి, లేకుంటే పొడి అంతా అడుగుకు దిగుతుంది.

నూనెలను గోరువెచ్చగా కాచి, సోడా నీరు కూడా గోరువెచ్చగా చల్లారాక నెమ్మదిగా నూనెలో పోసి కలుపుతాము. కవ్వంతో అయితే అరగంట, ఒక్కొక్కసారి ముప్పావుగంట పడుతుంది. చేతి బ్లెండరు ఉంటే కొద్ది నిమిషాలే. మజ్జిగ పులుసు అంత చిక్కబడి, గరిటె ఎత్తి జారవిడిచినప్పుడు పైన గీత నిలిస్తే పాకం వచ్చినట్లు. గరుకు పొడి కలపవలసినది అప్పుడే. తరువాత నూనె కాగితం పరచిన డబ్బాలో పోసి, తువ్వాలు కప్పి, ఒక రోజు కదపకుండా ఉంచాలి. మరునాడు తొడుగులు వేసుకొని బిళ్ళలుగా కోసి, నీడలో, గాలి తగిలేచోట, ఒకదానికొకటి తగలకుండా పేర్చాలి. అయిదు వారాలలో మిగిలిన నీరు ఆరిపోయి బిళ్ళ గట్టిపడుతుంది. ఆరని సబ్బు చేతిలో జావ అయిపోతుంది, ఒంటికి కటువుగానూ ఉంటుంది.

గరుకు కోసం ఏమి కలపాలన్నదే అసలు విషయం. మన ఇళ్ళలో సబ్బు లేని రోజుల్లో నలుగుపిండి ఉండేది. దక్కనీ పెళ్ళిళ్ళలో ఇప్పటికీ చిక్సా ఉంది. శనగపిండి, పసుపు, చందనపు పొడి తడిపి రాసేది. పిండి తడిసిన వెంటనే మెత్తబడుతుంది గనుక అది చర్మాన్ని గీయదు. జిడ్డును పీల్చుకుంటుంది, అంతే. ఆ పెద్దలు రాయిని నూరి రాయలేదన్నది గమనించవలసిన సంగతి. బజారు గరుకు సబ్బులలో కొన్నింటిలో అక్రోటు పెంకుల పొడి, ఆప్రికాట్ వంటి పండ్ల గింజల పొడి ఉంటాయి. వాటి అంచులు పగిలిన గాజులా పదునుగా ఉండి, కంటికి కనబడని గీతలు పెడతాయి. ఒకప్పుడు ప్లాస్టిక్ పూసలు కూడా కలిపేవారు. అవి నీటిలో కొట్టుకుపోయి నదుల్లో, సముద్రాల్లో చేరుతున్నాయని 2015లో అమెరికా వాటిని నిషేధిస్తూ చట్టం చేసింది.

మేము ఓట్సును మిక్సీలో వేసి, వస్త్రగాళితం పట్టి వాడతాము. పెసరపిండి కూడా పనికివస్తుంది. అర కిలో నూనెకు పెద్ద చెంచాడు చాలు. కొంచెం ఎక్కువ గరుకు కావాలంటే గసగసాలు, లేదా వాడి ఎండబెట్టిన కాఫీ పొడి. పచ్చి పండ్ల గుజ్జు, పచ్చి ఆకులు వేయకూడదు, కుళ్ళిపోతాయి. చెల్లెలు పసుపు వేయమన్నది. సున్నం తగిలిన పసుపు ఎర్రనవుతుందని తమలపాకు వేసుకునే ఇంట ఎవరికైనా తెలుసు. క్షారంలోనూ అదే జరుగుతుంది. ముందు ఎర్రబడి, కొన్నాళ్ళకు వెలిసిపోతుంది.

ఎండిన నేతిబీర పీచును చక్రాలుగా కోసి అచ్చులో పరచి పైన సబ్బు పోయడం కూడా ఒక పద్ధతి. చూడడానికి ముచ్చటగా ఉంటుంది. నేతిబీరలో నెయ్యి ఎంతో, ఆ పీచులో మెత్తదనం అంతే. ఆ పీచును అరబీలో లీఫ్ అంటారు. గట్టిగా పీచుతో రుద్దుకునే అలవాటున్నవారికి ఎముకల మీది చర్మం నల్లబడడాన్ని అరబ్బు దేశాల చర్మవైద్యులు చూసి, దానికి ఆ పీచు పేరే పెట్టారు: లీఫా వ్యాధి.

ఈ వ్యాధి పేరు మాకు తెలిసింది మేనకోడలి వల్లనే. సబ్బు సంగతి తరువాత చూద్దామని చెప్పి, మరునాడు మా ఇంటావిడ ఆమెను చర్మవైద్యురాలి వద్దకు తీసుకువెళ్ళింది. ఆమె చెప్పినది ఇది. చర్మపు పైపొరలోని మృతకణాలు సుమారు నెల రోజులకొకసారి తమంతట తామే రాలిపోయి, కింది నుంచి కొత్తవి వస్తాయి. రంగునిచ్చే మెలనిన్‌ను తయారుచేసే కణాలు పైచర్మంలో అట్టడుగు వరుసలో ఉంటాయి. ఏ సబ్బూ, ఏ పీచూ అక్కడికి చేరదు. చేరేంతగా రుద్దితే నెత్తురు వస్తుంది. కాని రాపిడి అనే వార్త మాత్రం అక్కడికి చేరుతుంది. చర్మం తనను తాను కాపాడుకోవడానికి మరింత మెలనిన్ పుట్టిస్తుంది. అదే ఆ అలల నలుపు. పీచు మానేస్తే నెలల మీద తగ్గుతుంది, ఒక్కోసారి పూర్తిగా పోదు.

సాయంత్రం చెల్లెలికి ఈ మాటలన్నీ చెప్పాను. ఆమె నమ్మలేదు. "మురికి రుద్దితే పోదా, భాయిజాన్?" అన్నది. "అది మురికి కాదమ్మా, మన అమ్మ రంగు" అన్నాను. మా అమ్మ ఆ పిల్ల రంగే. చెల్లెలు చాలాసేపు మాట్లాడలేదు. కోపం వచ్చిందేమోనని అనుకున్నాను. తరువాత ఆమె ఏడ్చింది. అబ్బాయి తరఫువారు అన్న మాట అప్పుడు చెప్పింది. అది ఇక్కడ వ్రాయను.

మేనకోడలు మరొకటి అడిగింది. నెలసరి తరువాత గుస్ల్‌లో గట్టిగా రుద్దుకోకపోతే పాకీ పూర్తికాదని ఎవరో చెప్పారట. పీచు మానేయడానికి ఆమెకున్న భయాల్లో అది ఒకటి. ఆ అపోహ చాలా ఇళ్ళలో ఉన్నది గనుక చెబుతున్నాను. గుస్ల్‌లో ఒళ్ళంతా నీరు తగలడం ఫర్జ్. చేతితో రుద్దడాన్ని మాలికీ ఫఖీహులు తప్పనిసరి అన్నారు, మిగిలినవారు మంచిదన్నారు. తప్పనిసరి అన్నవారికి కూడా అరచేయి ఆడిస్తే చాలు. సబ్బు షరతు కాదు, పీచు అసలే కాదు.

కొవ్వు సంగతి కూడా తరచుగా అడుగుతారు. సబ్బు కాగితం మీద సోడియం టాలోవేట్ అని ఉంటే పశువుల కొవ్వు, సోడియం పామేట్ అని ఉంటే పామాయిలు, సోడియం కోకోయేట్ అని ఉంటే కొబ్బరినూనె. అపవిత్రమైన నూనె సబ్బుగా మారినప్పుడు దాని స్వరూపమే మారిపోతుంది గనుక ఆ సబ్బు శుద్ధమేనని హనఫీ ఫఖీహులు ఫత్వా ఇచ్చారు. షాఫయీ మస్లక్‌లో ఆ వెసులుబాటు లేదు. ఇంట్లో చేసుకున్న సబ్బులో ఈ చర్చ రాదు. మా ఇంటావిడ ఈ పని మొదలుపెట్టడానికి కారణాలలో అది ఒకటి.

వారం తరువాత మేనకోడలు ఒంటరిగా వచ్చింది. "సబ్బు చేయడం నేర్పించండి ముమానీ" అన్నది. ఆ రోజు కాటా ఆమె చేతిలో పెట్టాను. పై లెక్కకు ఏడు బిళ్ళలు వస్తాయి. పాకం వచ్చాక దానిని మూడు పాళ్ళు చేశాము. రెండు బిళ్ళలకు ఏమీ కలపలేదు, అవి ముఖానికి, మెడకు. మూడింటిలో వస్త్రగాళితం పట్టిన ఓట్సు పొడి వేశాము, అవి చేతులకు, కాళ్ళకు. వారానికి రెండుసార్లు, నురగతో, అరచేతితో, బలం పెట్టకుండా. మిగిలిన రెండింటిలో గసగసాలు వేశాము. గరుకు సబ్బుకు మన ఒంట్లో నిజంగా పని ఉన్న చోట్లు కొన్నే: పగిలిన మడమలు, మోచేతులు, మోకాళ్ళు. మధుమేహం వల్ల పాదాలలో స్పర్శ తగ్గినవారు మడమలను కూడా రుద్దకూడదు, పుండు పడినా వారికి తెలియదు. ఎగ్జిమా ఉన్నవారు, చిన్నపిల్లలు దీనిని ముట్టవలసిన పనే లేదు.

ఆ గసగసాల బిళ్ళలు ఎవరూ తీసుకువెళ్ళలేదు. ముప్పై ఏళ్ళుగా చాప మీద కూర్చుని పాఠం చెబుతున్నాను, నమాజులో కూర్చుంటున్నాను. నా ఎడమ చీలమండ మీద చర్మం చెప్పు అట్టలా గట్టిపడింది. మా ఇంటావిడ ఆ రెండింటినీ నాకు కేటాయించింది. ఇప్పటికి ఒకటి అరిగింది.

నికాహ్ నాటికి మెడ మీది నలుపు సగమే తగ్గింది. ఆ రోజు మేనకోడలు దుపట్టాను మెడ చుట్టూ లాక్కోలేదని మా ఇంటావిడ చెప్పింది. అత్తవారింట ఓట్సు బిళ్ళలు అయిపోయాయట. మొన్న ఫోను చేసింది. వాళ్ళ ఊళ్ళో తవుడు నూనె కంటే నువ్వుల నూనె బాగా దొరుకుతుందట. "లెక్క మారుతుందా మామూ?" అని అడిగింది. పుస్తకం తీసి చూసి చెప్పాను. నువ్వుల నూనెకు నూరు గ్రాములకు 13న్నర గ్రాములు వేసుకో, కొబ్బరినూనెకు, ఆముదానికి మార్పు లేదు, అన్నీ కూడిన పిదప నూటికి ఏడు తగ్గించు, స్టీలు గిన్నె మరచిపోకు అన్నాను.